ఒకే బటన్ కోడ్, రెండు బోర్డులు

ప్రశ్న: మిర్చి షెడ్డులో తేమ మీటరు ఆర్డుయినో ఊనో అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో, బోరు మోటారు టైమరు ఈఎస్‌పీ32 బోర్డుతో చేశాను. రెండింటికీ కలిపి బటన్ లైబ్రరీ రాశాను. ఈఎస్‌పీలో బాగుంది. ఊనోలో అర నిమిషం దాటాక ఒక్క నొక్కును నాలుగైదుగా లెక్కిస్తోంది. బటన్ మార్చినా అంతే.
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: బటన్ జోలికి వెళ్లకండి. చివరి నొక్కు సమయాన్ని 'ఇంట్' అనే పూర్ణాంకాల రకంలో దాచి ఉంటారు. మీ ఊనోలో ఇంట్ 16 బిట్లే. మిల్లిస్ (బోర్డు మొదలై ఎన్ని మిల్లీసెకన్లయిందో చెప్పేది) విలువ 32,767 దాటగానే, అంటే సుమారు 33 సెకన్లకు, ఇంట్‌లో దాచిన సమయం రుణసంఖ్య అవుతుంది. తేడా తీస్తే ఎప్పుడూ పెద్ద అంకె వస్తుంది కాబట్టి ఒక్క నొక్కును పలుమార్లు లెక్కించకుండా పెట్టే 30 మిల్లీసెకన్ల ఆగుడు పనిచేయదు. ఈఎస్‌పీ32లో ఇంట్ 32 బిట్లు కావడంతో తప్పు దాక్కుంది. ప్లస్, మైనస్ గుర్తులేని (అన్‌సైన్డ్) 32 బిట్ల రకం వాడి, 'ఇప్పటి సమయం మైనస్ పాత సమయం' అనే పోల్చండి. అలాగైతే 49.7 రోజులకు మిల్లిస్ సున్నాకు తిరిగొచ్చినా ఇబ్బంది లేదు.

ఇంకో మాట: పిన్‌ను సిద్ధం చేసే పిన్‌మోడ్‌ను కన్‌స్ట్రక్టర్‌లో (వస్తువు తయారవుతుండగా దానంతటదే నడిచే కోడ్‌లో) పెట్టకుండా, సెటప్‌లో మీరే పిలిచే 'బిగిన్'లోకి మార్చండి. గ్లోబల్ వస్తువుల కన్‌స్ట్రక్టర్లు బోర్డు సిద్ధం కాకముందే నడుస్తాయి. పిన్ నంబరూ అక్కడే ఇవ్వండి, లైబ్రరీలో రాసేస్తే మళ్లీ కాపీ పేస్టే! లైబ్రరీ సీపీపీ ఫైల్లో ఆర్డుయినో హెడర్ మీరే చేర్చాలి, స్కెచ్‌లోలా (ఆర్డుయినో ప్రధాన ప్రోగ్రాంలోలా) దానంతటది రాదు.