డాక్టర్ గారూ, మా కుక్క మాట వినట్లేదు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం తిండి గురించి, మిగతా సగం మాట వినకపోవడం గురించి. అన్నీ చదివాక ఇవి రెండూ ఒకటే ప్రశ్న అనిపించింది. కుక్కకి ఏం పెడుతున్నాం, ఎప్పుడు పెడుతున్నాం, ఎవరు పెడుతున్నారు, అది ఏం చేస్తుంటే పెడుతున్నాం, దానికి చదువంటే ఇదే. ట్రైనర్ వచ్చి నేర్పేది వారానికి రెండు మూడు గంటలు, ఇంట్లో వాళ్లు తమకే తెలియకుండా నేర్పేది రోజంతా. అందుకని తిండినీ తర్ఫీదునూ కలిపే రాస్తున్నాను.

ప్రశ్న: మా లాబ్రడార్ మగది, రెండేళ్లు, 41 కిలోలు ఉంది. ఎంత పెట్టినా ఆకలే. మేం భోజనానికి కూర్చుంటే చాలు, మోకాలి మీద తల పెట్టి చూస్తూనే ఉంటుంది, పెట్టకపోతే మొరుగుతుంది. నేను పెట్టను, మావారు పెట్టరు, మామయ్యగారు పెడతారు. ఎంత చెప్పినా వినరు. ఏం చేయాలి? (ఒక గృహిణి, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: అమ్మా, ముందు ఆ కుక్కని తిండిపోతు అనకండి. లాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతు కుక్కల్లో ఆకలికి సంబంధించిన ఒక జన్యువులో లోపం ఉంటుందని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో బయటపెట్టారు. ఆ లోపం ఉన్న కుక్కకి తిన్న కాసేపటికే మళ్లీ ఆకలి మొదలవుతుంది. మీది కూడా అలాంటిదే అయితే దానికి నిజంగానే ఆకలేస్తోంది. అలాగని పెట్టుకుంటూ పోతే కీళ్లు పోతాయి, ఎండాకాలం ఆయాసంతో అల్లాడిపోతుంది.

మామయ్యగారి సంగతి చెప్తాను. కిందటేడు ఇలాగే ఒక ఇంటికి వెళ్లాను. పెద్దాయన కుడి చేత్తో టిఫిన్ తింటున్నారు, చూపు టీవీ మీద ఉంది, ఎడమ చెయ్యి మెల్లగా టేబుల్ కిందకి జారింది, రెండు వేళ్ల మధ్య పెసరట్టు ముక్క. కుక్క అప్పటికే ఆ చెయ్యి వచ్చే చోట మూతి పెట్టుకుని ఉంది. నేను అడిగితే ఆయన "ఎప్పుడో ఒకసారి పెడతానండీ" అన్నారు, అబద్ధం కాదు, ఆయన మనసులో అది నిజంగా ఎప్పుడో ఒకసారే. చిక్కంతా ఆ ఎప్పుడో ఒకసారితోనే. రోజూ పెట్టి ఒక్కసారిగా మానేస్తే కుక్క కొన్నాళ్లు చూసి వదిలేస్తుంది, పదిసార్లలో ఒకసారి పెడితే మాత్రం ఆ ఒక్కసారి ఎప్పుడొస్తుందోనని మిగతా తొమ్మిదిసార్లూ విసుగు లేకుండా అడుగుతుంది.

పెద్దాయనని పెట్టొద్దనకండి. ఈ వయసులో ఆయనకి అదొక తోడు. పెట్టే పద్ధతి మార్చండి చాలు. మీ కుక్క 33 కిలోల దాకా తగ్గాలనుకుంటే రోజుకి సుమారు వెయ్యి కేలరీలతో మొదలుపెట్టొచ్చు, అంతకుముందు ఒకసారి థైరాయిడ్ పరీక్ష చేయించండి. ఆ రోజు తిండి మొత్తం పొద్దున్నే కొలిచి, అందులోంచి ఒక గుప్పెడు డ్రై ఫుడ్ తీసి చిన్న స్టీల్ డబ్బాలో వేసి మామయ్యగారి చేతికివ్వండి. ఆయన ఏం పెట్టినా ఆ డబ్బాలోదే పెట్టాలి, భోజనం ముగించి లేచాకే పెట్టాలి, కుక్క కూర్చున్నాకే పెట్టాలి. మొదటి నాలుగైదు రోజులు మొరుగుడు ఇంకా ఎక్కువవుతుంది, అప్పుడే అందరూ జాలిపడి ఒక ముక్క పడేసి మొత్తం పాడుచేస్తారు, ఆ వారం ఓర్చుకోండి. బరువు వారానికి అర కిలో తగ్గితే చాలు, అంతకన్నా తొందర వద్దు. పక్కటెముకల మీద చెయ్యి వేస్తే నొక్కకుండానే ఎముకలు వేళ్లకి తగలాలి, ఇంట్లో అదే మీ తూకం.

ప్రశ్న: మేం శాకాహారులం, గుడ్డు కూడా తినం. మా దేశవాళీ కుక్కకి మూడేళ్లు. మాంసం పెట్టకపోతే చచ్చిపోతుందని పక్కింటివాళ్లు భయపెడుతున్నారు. మేం తినేదే దానికీ పెడుతున్నాం, పప్పన్నం, చారన్నం, పెరుగన్నం. సరిపోతుందా? (సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: చచ్చిపోదు, టెన్షన్ పడకండి. పిల్లికి మాంసం లేకపోతే కుదరదు గానీ కుక్క వేల ఏళ్లుగా మనిషి గడపలో మెతుకులు తిని బతికింది. అన్నంలోని పిండిపదార్థాన్ని అరిగించుకునే జన్యువుకి తోడేలు కన్నా కుక్కలో చాలా ఎక్కువ ప్రతులు ఉంటాయని 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు తేల్చారు కూడా. కానీ బతకడం వేరు, బలంగా ఉండడం వేరు. మీరు పెట్టేదాంట్లో అన్నం ఎక్కువ, పప్పు తక్కువ, కాల్షియం ఇంకా తక్కువ. పప్పు ఉడికాక ఉప్పూ కారం, తిరగమోత పడకముందే దాని వాటా గరిటెడు గరిటెడుగా తీసి పక్కన పెట్టేయండి, మెత్తగా ఉడికిన గుమ్మడి, క్యారెట్, కొంచెం పనీర్ కలపండి. కాల్షియం, విటమిన్లు ఎంత కలపాలో డాక్టర్ దగ్గర రాయించుకోండి, లేదంటే సంపూర్ణ శాకాహార డ్రై ఫుడ్ దొరుకుతుంది, రోజులో ఒక పూట అది పెట్టండి. పెరుగు మంచిదే. పాలు చాలా కుక్కలకి పడవు, విరేచనాలవుతాయి. ఏడాది లోపు కుక్కపిల్లని మాత్రం గుడ్డు కూడా లేకుండా ఇంటి తిండితో పెంచాలని చూడకండి.

ఇప్పుడు అసలు భయపడాల్సింది చెప్తాను. పరవాన్నంలోనో ప్రసాదంలోనో ఉండే ఎండుద్రాక్ష. ద్రాక్ష, ఎండుద్రాక్ష కొన్ని కుక్కల్లో కిడ్నీలని దెబ్బతీస్తాయి, ఎన్ని తింటే ప్రమాదమో ముందుగా చెప్పలేం, కొన్ని తట్టుకుంటాయి, కొన్ని గుప్పెడుకే పడిపోతాయి. వాటిలోని టార్టారిక్ ఆమ్లమే కారణం కావచ్చని అమెరికాలో విషప్రభావాల మీద పనిచేసే పశువైద్యులు 2021లో రాశారు. ఆ ఆమ్లం మన చింతపండులో బోలెడు ఉంటుంది, చింతపండు తిన్న కుక్కలకి కిడ్నీ దెబ్బతిన్న సందర్భాలూ నమోదయ్యాయి. కాబట్టి చారన్నం, పులిహోర, పులుసు కలిపిన మెతుకులు ఇవాళ్టి నుంచే ఆపేయండి. ఉల్లి, వెల్లుల్లి కూడా వద్దు, ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. ఇవి తిని వాంతులు మొదలైతే రేపు చూద్దాం అనుకోవద్దు. మీ కుక్కని చూసే డాక్టర్ అందుబాటులో లేకపోతే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, అక్కడికి తీసుకెళ్లండి.

ప్రశ్న: యాభై రోజుల పిల్లని తెచ్చాం. మూడో అంతస్తు. హాలంతా తడిపేస్తోంది. మావారు ముక్కు నేలకేసి రుద్దితే నేర్చుకుంటుందంటున్నారు. (భవానీపురం, విజయవాడ)

జవాబు: రుద్దొద్దు, దయచేసి రుద్దొద్దు. అది నేర్చుకునేది ఒకటే, ఆయన ఎదురుగా చెయ్యకూడదని. రేపట్నుంచి సోఫా వెనక చేస్తుంది, మీకు వారం తర్వాత వాసన వచ్చాక తెలుస్తుంది.

యాభై రోజుల పిల్ల రెండు గంటలకి మించి ఆపుకోలేదు, అంతకన్నా ముందే వస్తుంది కూడా. టైము మీరు పట్టుకోవాలి. నిద్ర లేవగానే, తిన్న పది పదిహేను నిమిషాలకి, ఆట ఆగగానే. చూడండి, పిల్ల ఆడుతూ ఆడుతూ ఒక్కసారి ఆగుతుంది, ముక్కు నేలకి ఆనించి ఒక చుట్టు తిరుగుతుంది, వెనక కాళ్లు కొంచెం వంగుతాయి. ఆ నాలుగైదు క్షణాల్లో ఎత్తుకుని బాల్కనీలో పెట్టిన ట్రేలో దించాలి. ట్రేలో మట్టి గానీ పాత పేపర్లు గానీ వేయండి, తడిసిన పేపరు ముక్క ఒకటి అందులోనే ఉంచితే ఆ వాసనకే చోటు గుర్తుపడుతుంది. పని కాగానే, అక్కడే, వెంటనే చిన్న ముక్క పెట్టి మెచ్చుకోండి. లోపలికొచ్చాక పెడితే లోపలికొచ్చినందుకు పెట్టారనుకుంటుంది. రోజుకి నాలుగు పూటలు ఒకే వేళకి పెడితే వెళ్లే వేళలూ కుదురుకుంటాయి, రోజంతా గిన్నె నింపి వదిలేస్తే ఎప్పటికీ కుదరవు. కింద పార్కులో నేల మీద ఇప్పుడే వదలకండి. పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బుకి టీకాలు దాదాపు పదహారు వారాల వయసు దాకా విడతలుగా ఉంటాయి, అందాకా ఎత్తుకుని తిప్పండి, ఆటో చప్పుడు, కుక్కర్ విజిల్, పిల్లల అరుపులు అన్నీ ఈ వయసులోనే అలవాటవ్వాలి.

ప్రశ్న: ఆదివారం చికెన్ ఎముకలు పెడుతున్నాం, బాగానే తింటోంది. పెట్టొచ్చా? (ఇంటర్ విద్యార్థి, కొత్తపేట, గుంటూరు)

జవాబు: వద్దు బాబూ. ఉడికిన ఎముక విరిగితే సూదుల్లా చీలుతుంది. మా ఇంట్లో కుక్కే ఒక పెళ్లి భోజనాల దగ్గర మటన్ ఎముక మింగి రెండు రోజులు నీళ్లు కూడా దిగక, చివరికి కడుపు కోసి తీయాల్సి వచ్చింది, డాక్టర్ ఇంట్లోనే. ఎముకలు తీసేసిన ఉత్త ఉడికిన మాంసం, కందనకాయలు పెట్టు. మసాలా కూరలోవి కడిగి పెట్టడం కాదు, విడిగా ఉడికించి. ఇంట్లో పెద్దవాళ్లు రోజూ ఉత్త చికెన్, అన్నమే పెడుతుంటే అందులో కాల్షియం ఉండదని వాళ్లకి చెప్పు, ఎదిగే కుక్కపిల్లలకి కాళ్లు వంకర్లు పోయేది దాంతోనే.

ప్రశ్న: మా జర్మన్ షెపర్డ్ తింటున్నప్పుడు మా ఐదేళ్ల పాప దగ్గరికెళ్తే గుర్రుమంటోంది. నేను గిన్నె లాగేసుకుని ఒకటి వేస్తున్నాను, అయినా మారట్లేదు, ఇంకా పెరిగింది. (పటమట, విజయవాడ)

జవాబు: మీరు గిన్నె లాగేసుకోవడం వల్లే పెరిగింది. మనిషి దగ్గరికొస్తే అన్నం పోతుందని అది అనుకుంటోంది, మీరు రోజూ అది నిజమేనని రుజువు చేస్తున్నారు. గుర్రుమనడం తప్పు కాదండీ, హెచ్చరిక. దాన్ని కొట్టి మాన్పిస్తే ఈసారి హెచ్చరిక లేకుండా కరుస్తుంది. ఆ రోజు మీ పాప మొహం దాని మూతికి ఎంత ఎత్తులో ఉంటుందో ఒక్కసారి తలుచుకోండి.

ఇవాళ్టి నుంచి కుక్క భోజనం తలుపు వేసిన గదిలో పెట్టండి, పాప ఆ దరిదాపుల్లోకి వెళ్లకూడదు. ఇది ఎన్నాళ్లకైనా మారని నియమం. తర్వాత పెద్దవాళ్లలో ఒకరే, అది తింటున్నప్పుడు ఆరేడు అడుగుల దూరం నుంచి నడిచి వెళ్తూ ఉడికిన చికెన్ ముక్క గిన్నె వైపు విసిరి ఆగకుండా వెళ్లిపోవాలి. రోజూ అలాగే. మనిషి వస్తే ఇంకాస్త మంచిది వస్తుందని దానికి అర్థమయ్యాక, మిమ్మల్ని చూడగానే ఒళ్లు బిగదీయకుండా తోక వదులుగా ఊపుతుంది, అప్పుడు ఒక్క అడుగు దగ్గరికి జరగండి. వారాలు పడుతుంది. ఇప్పటికే పళ్లు తగిలించి ఉంటే మాత్రం ఇంట్లో ప్రయత్నాలు ఆపి డాక్టర్‌ని కలవండి. పంటి గాటు చిన్నదైనా సబ్బుతో, పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. మన కుక్కే కదా, టీకా వేయించాం కదా అని ఇంట్లో కూర్చోకండి.

ప్రశ్న: ఎండలకి తిండి మానేసింది. వాకింగ్‌కీ రానంటోంది. (మొగల్రాజపురం, విజయవాడ)

జవాబు: విజయవాడ మే నెలలో కుక్కకి తిండి తగ్గడం మామూలే. పొద్దున ఐదున్నరకి, రాత్రి ఎనిమిది దాటాక పెట్టండి, మధ్యాహ్నం పల్చటి ఉప్పు లేని మజ్జిగ చాలు. వాకింగ్‌కి ముందు మీ అరచేతి వెనక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి, మీకు కాలితే దాని పాదాలూ కాలతాయి. కానీ ఒంట్లో జ్వరం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కులోంచి రక్తం ఉంటే అది ఎండ కాదు, పిడుదుల జ్వరం కావచ్చు, రక్తపరీక్ష చేయించండి. విపరీతంగా వగరుస్తూ తూలిపోతే మామూలు నీళ్లు ఒళ్లంతా పోసి, ఫ్యాన్ పెట్టి, దారిలో కూడా తడుపుతూనే తీసుకురండి.

ప్రశ్న: ఆరేళ్లుగా మా వీధి కుక్కకి రాత్రిపూట అన్నం పెడుతున్నాను. ఇప్పుడది ముసలిదైంది, చూపు తగ్గింది. ఇంట్లోకి తెచ్చుకుందామనుకుంటున్నాను. ఈ వయసులో నేర్చుకుంటుందా? మా ఆవిడకి అనుమానం. (రిటైర్డ్ టీచర్, కృష్ణలంక, విజయవాడ)

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అది ఇప్పటికే మీ దగ్గర చాలా నేర్చుకుంది. మీరొచ్చే వేళ, మీ చెప్పుల చప్పుడు, గిన్నె అరుగు మీద పెట్టే శబ్దం అన్నీ దానికి తెలుసు. ముందు ఒంటి పరీక్ష చేయించి, రేబిస్ టీకా, నులిపురుగుల మందు, పిడుదుల మందు వేయించండి. చెవి చివర కత్తిరింపు ఉంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయినట్టే. తర్వాత ఒకేసారి లోపలికి లాక్కురావద్దు, వీధిలో పెరిగిన కుక్కకి మూసిన తలుపంటే భయం. మొదటి వారం గిన్నె గేటు లోపల, రెండో వారం వరండాలో, ఆ తర్వాత గుమ్మం పక్కన, తలుపు తీసే ఉంచండి. ఒకటి రెండు పూటలు అమ్మగారి చేత్తో పెట్టించండి, అనుమానం సగం పోతుంది. చూపు తగ్గింది కాబట్టి గిన్నె, నీళ్లు, పడుకునే గోనెసంచి ఎక్కడ పెడితే అక్కడే ఉండాలి, సామాన్లు అటూ ఇటూ జరపొద్దు. ఇంకో మాట, కొత్త గిన్నె కొనకండి. ఆరేళ్లుగా పెట్టిన ఆ పాతదే ఉంచండి, చప్పుడు గుర్తుపట్టి వస్తుంది.