ఇంగ్లీషు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పెద్దవాళ్లకు కంప్యూటర్ ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ సంఘం అక్కలకు ఏబీసీడీలు వచ్చాయి, చిన్న చిన్న మాటలు చదువుతున్నారు, ఇప్పుడు కంప్యూటర్ కూడా చెప్పమంటున్నారు, ఇంగ్లీషు బాగా వచ్చేదాకా ఆగాలా అని అడిగారు కదా. ఆగొద్దు, రెండూ కలిపే చెప్పండి. జడ్చర్ల దగ్గర ఒక ఊళ్లో సాయంత్రాలు నేను చేస్తున్నది ఇదే, కూలికి పోయొచ్చి కూర్చునేవాళ్లే ఎక్కువ.

సీపీయూ అంటే ఏంది, కంప్యూటర్ తరాలెన్ని, ఆ గోల అసలే వద్దు. పెయింట్ తెరిచి మౌస్‌తో ముగ్గు వేయమనండి. డబుల్ క్లిక్ దగ్గర చాలామంది ఆగిపోతారు, రెండోసారి నొక్కేలోపే చెయ్యి జరుగుతుంది. సెట్టింగుల్లో డబుల్ క్లిక్ స్పీడు తగ్గించండి, లేదంటే ఒకసారి నొక్కి ఎంటర్ కొట్టమనండి, పని అయిపోతుంది.

అసలు చిక్కంతా కీబోర్డుతోనే. దాని మీద ఉండేవి పెద్ద ఏబీసీడీలు, తెర మీద పడేవి చిన్నవి. మా దగ్గర ఒకామె జీ నొక్కడం, చిన్న జీ పడగానే "నేను నొక్కింది ఇది కాదు సార్" అని చెరపడం, మళ్లీ అదే నొక్కడం. కీబోర్డు బొమ్మ గీసి ప్రతి పెద్ద అక్షరం పక్కన చిన్నది రాసి తలా ఒక జిరాక్స్ ఇవ్వండి. పాస్‌వర్డ్ కొడితే చుక్కలే పడతాయని కూడా ముందే చెప్పాలి, లేకపోతే చెరుపుతూనే కూర్చుంటారు.

సేవ్, ఓపెన్, క్యాన్సిల్ లాంటి మాటలు బోర్డు మీద చదివించి అదే రోజు తెర మీద వెతికించండి. విండోస్ మొత్తం తెలుగులోకి మార్చొచ్చు కదా అంటారు కొందరు, నేనైతే వద్దంటా, పిల్లల ఫీజు కట్టాలన్నా ఇంకేదైనా ఫారం నింపాలన్నా ఎక్కువగా ఎదురయ్యేది ఇంగ్లీషు తెరే. టైపింగుకు మాత్రం తెలుగు ఫొనెటిక్ పెట్టండి, 2019 నుంచి విండోస్ 10లోనే ఉంది. ఏ ఎం ఎం ఏ అని కొడితే అమ్మ అని వస్తుంది, అక్షరాలకు చెయ్యి అలవాటైపోతుంది, పడిన మాట వాళ్లే చదువుకుంటారు.

పల్లెవాళ్లకు కంప్యూటర్ నేర్పడానికి 2017లో కేంద్రం తెచ్చిన పీఎంజీదిశ కోర్సు 20 గంటలే ఉండేది కదా, మాకెందుకు ఇంత ఆలస్యం అని టెన్షన్ పడకండి. వీళ్లకు ఆ 20 గంటలూ మౌస్‌కూ కీబోర్డుకే పోతాయి.

ఇంకోటి, ఎంత ఆలస్యమైనా వాళ్ల చేతిలోంచి మౌస్ తీసుకోకండి. సంఘంలో టెన్త్ చదివిన పిల్ల ఎవరైనా ఉంటే ఆమెను కొంచెం దూరంగా కూర్చోబెట్టండి, ఊరుకోలేక ఆ పిల్లే అన్నీ నొక్కేస్తుంది.