రోజూ వ్యాయామం చేస్తే గుండె త్వరగా అరిగిపోతుందా?

అరిగిపోదు. క్రమం తప్పకుండా వ్యాయామం చేసేవారి గుండె రోజు మొత్తం మీద సాధారణంగా తక్కువసార్లే కొట్టుకుంటుంది.

విశ్రాంతిగా ఉన్నప్పుడు పెద్దవారి గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని పంపుతుంది. నెలల తరబడి వేగంగా నడిచినా, ఈత కొట్టినా, సైకిలు తొక్కినా ఎడమ జఠరికలో, అంటే ఒళ్లంతటికీ రక్తాన్ని పంపే గుండె గదిలో, రక్తం పట్టే చోటు కొంత పెరుగుతుంది, గోడ బలపడుతుంది. ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తం బయటికి వస్తుంది కాబట్టి అదే 5 లీటర్లకు తక్కువ స్పందనలు చాలు. కండరాల సంగతి చాలామంది మరచిపోతారు. వాటిలో సన్నని రక్తకేశనాళికలు, శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు పెరిగి, అందిన రక్తం నుంచే ఎక్కువ ఆక్సిజన్ తీసుకుంటాయి. గుండె మీద భారం అక్కడా తగ్గుతుంది.

లెక్క వేసి చూడండి. నిమిషానికి 75 చొప్పున కొట్టుకునే గుండెకు రోజుకు 1,08,000 స్పందనలు. వ్యాయామం అలవాటై నాడి 60కి దిగినవారు గంటసేపు 140 వేగంతో శ్రమించినా, మిగతా 23 గంటలతో కలిపి 91,200 మాత్రమే.

గుండెకు పుట్టుకతోనే ఇన్ని స్పందనలని రాసిపెట్టి ఉంటుందని, వ్యాయామంతో అవి ఖర్చయిపోతాయని కొందరి నమ్మకం. అలాంటి కోటా ఏదీ లేదు, ఉన్నా పై లెక్క ప్రకారం మిగిలేది వ్యాయామం చేసినవారికే! అయితే నాడి నెమ్మదించడంతో పాటు కళ్లు తిరగడం, స్పృహ తప్పడం ఉంటే అది వ్యాయామ ఫలితమని సరిపెట్టుకోకుండా వైద్యుడికి చూపించుకోవాలి.