అటక మీది రౌటరుకు ఆయువెంత?

సందేహం: రౌటర్ కింద హాల్లో ఉంది. మేడ మీద పిల్లల గదికి వైఫై సరిగా అందడం లేదు. అటక మీద ఉన్న పాత రౌటర్ దించి, తీగతో కొత్తదానికి తగిలించాను. ఉన్న ఇంటర్నెట్ కూడా ఆగిపోయింది. పాతదాన్ని వాడుకునే మార్గం లేదా?

జవాబు: ఈ ఫిర్యాదు నాకు నెలనెలా వస్తూనే ఉంది. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. రెండు రౌటర్లూ 192.168.1.1 అనే చిరునామాతోనే కూర్చుంటాయి, ఇంట్లోని ఫోన్లకు చిరునామాలు పంచేది నేనంటే నేనని పోటీ పడతాయి. తగిలించే ముందే పాతదాన్ని విడిగా కంప్యూటర్‌కు కలిపి, రీసెట్ చేసి, చిరునామాను 192.168.1.2కు మార్చండి. ఫోన్లకు చిరునామాలు పంచే ఆ పనికి సెట్టింగుల్లో డీహెచ్‌సీపీ అని పేరుంటుంది, పాతదానిలో దాన్ని ఆపేయండి. వైఫై పేరు, పాస్‌వర్డ్ కింద ఉన్నవే ఇవ్వండి. రెండూ ఒకదానికొకటి అడ్డు రాకుండా, 2.4 గిగాహెర్ట్జ్‌లో కింద ఛానెల్ 1 ఉంటే పైన 6 గానీ 11 గానీ పెట్టండి. తీగను ల్యాన్ పోర్టు (ఇంట్లోని పరికరాలను తగిలించేది) నుంచి ల్యాన్ పోర్టుకే కలపండి. పాతదాని మీద బయటి ఇంటర్నెట్ తీగ కోసం విడిగా ఉండే వ్యాన్ పోర్టు జోలికి పోవద్దు.

తీగ లాగడానికి బద్ధకించి పాతదాన్ని రిపీటర్‌గా, అంటే కింది వైఫైని గాల్లోనే అందుకుని మళ్లీ పంపేదిగా పెట్టేవాళ్లున్నారు. ఒకే రేడియోతో విని, దానితోనే తిరిగి చెప్పాలి కాబట్టి వేగం సగానికి పడిపోతుంది. పైగా దాన్ని తీసుకెళ్లి సిగ్నల్ అందని గదిలోనే పెడతారు. తనకే వినపడనిది అది ఏం చెబుతుంది? మెట్ల మలుపులో పెట్టాలి.

ఇంతకీ లాగిన్ పేజీలో ఫర్మ్‌వేర్ (రౌటర్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) తేదీ చూశారా? వైఫై భద్రతలో క్రాక్ అనే లోపం 2017 అక్టోబరులో బయటపడింది. అంతకు ముందే అప్‌డేట్లు ఆగిపోయిన రౌటర్‌ను రిపీటర్‌గా పెడితే ఆ లోపం మీ ఇంట్లోకి వచ్చినట్టే. దానికంటే నన్ను ఎక్కువ భయపెట్టేది డబ్ల్యూపీఎస్, అంటే పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫైకి కలిపే సదుపాయం. ఎనిమిది అంకెల పిన్ కదా అని ధీమాగా ఉంటారు. రౌటర్ ఆ పిన్‌ను రెండు ముక్కలుగా సరిచూస్తుంది, చివరి అంకె లెక్కగట్టి తెలుసుకోగలిగేదే. అందుకే 11,000 ప్రయత్నాల్లో పిన్ దొరికిపోతుంది. ఈ సంగతి 2011లోనే తేలింది. మీ పాస్‌వర్డ్ ఎంత పొడవున్నా, పిన్ దొరికితే అదీ చేతికొచ్చేస్తుంది. ముందు డబ్ల్యూపీఎస్ ఆపండి. కొన్ని పాత మోడళ్లలో ఆపినట్టు చూపించి లోపల నడిపేవీ ఉన్నాయి, అది తయారీదారు నిర్వాకం.

పాల ప్యాకెట్ మీద తేదీ ఉంటుంది, మాత్రల అట్ట మీద ఉంటుంది. రౌటర్ పెట్టె మీద మాత్రం ఫలానా ఏడాది దాకా అప్‌డేట్లు ఇస్తామన్న మాట నేనింతవరకు చూడలేదు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఆ గడువు చెప్పి తీరాలి, అన్నిటికీ ఒకే సులువైన పాస్‌వర్డ్ పెట్టి అమ్మకూడదు. ఇక్కడ నాలుగు యాంటెనాలు నిలబెట్టి అమ్ముతారు, మనమూ వాటినే లెక్కపెట్టి కొంటాం.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించి పాతవాటికి ప్రాణం పోయవచ్చు. 4 ఎంబీ ఫ్లాష్ (సాఫ్ట్‌వేర్ దాచుకునే చోటు), 32 ఎంబీ ర్యామ్ మాత్రమే ఉన్నవాటికి దాని కొత్త వెర్షన్లు ఎక్కవు. మీది ఆ కోవలోదైతే ఆశ వదులుకోండి. పాతసామానుకు వేసే ముందు మాత్రం వెనక ఉన్న చిన్న రంధ్రంలో పిన్నీసు గుచ్చి, దీపాలు ఆరి వెలిగేదాకా నొక్కి పట్టండి. ఆ మధ్య పాతసామాను కొట్లో కొన్న రౌటర్‌ను ఆన్ చేస్తే ఎవరిదో వైఫై పేరు, పాస్‌వర్డ్ అలాగే ఉన్నాయి. పాస్‌వర్డ్ వాళ్ల ఫోన్ నంబరే.