బండి సందేహాలు: ఏ దేశపు కారు గట్టిది?

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో 2015 ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ, అదే ఏడాది హోండా సిటీ సీవీటీ నాకు దాదాపు ఒకే ధరకు వస్తున్నాయి. జర్మన్ బండి గట్టిదని మా బావ, జపాన్ బండి మొండిదని మెకానిక్. రోజూ బెంజ్ సర్కిల్ మీదుగా ఆఫీసుకు వెళ్లిరావాలి. ఏది తీసుకోమంటారు?
- ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ అన్నారు కాబట్టి హోండా సిటీ తీసుకోండి. బాడీ, సస్పెన్షన్, హైవే మీద నిలకడ వరకు మీ బావగారి మాట నిజమే. పోలో జీటీలో భయపడాల్సింది గేర్‌బాక్స్‌కి. అది డీక్యూ200 రకం 7 గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్. రెండు క్లచ్‌లూ డ్రై క్లచ్‌లే, ఆయిల్‌లో మునిగి ఉండవు. ట్రాఫిక్‌లో బండి పాకుతున్నంత సేపూ క్లచ్ సగం పట్టి సగం జారుతూ వేడెక్కుతుంది. కొన్నాళ్లకు ఒకటి, రెండు గేర్లలో వణుకు మొదలవుతుంది.

ఇంతకన్నా ఖరీదైన జబ్బు గేర్లు మార్చే మెకట్రానిక్స్ యూనిట్‌ది. పంపు, వాల్వులు, కంప్యూటర్ అన్నీ ఆ ఒక్క పెట్టెలోనే. ప్రెషర్ నిల్వ ఉంచే అక్యుములేటర్ దగ్గర లీకైతే పంపు ఎంత తిరిగినా ప్రెషర్ నిలవదు, నడిరోడ్డు మీద గేరు పడదు. 2013లో చైనాలో ఫోక్స్‌వ్యాగన్ ఈ గేర్‌బాక్సుల కారణంగా 3.84 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. వేడి, తేమ ఎక్కువున్న చోట్ల సింథటిక్ ఆయిల్‌తో షార్ట్ సర్క్యూట్లు వస్తున్నాయని అదే ఏడాది చివర్లో చాలా దేశాల్లో మినరల్ ఆయిల్‌కు మార్చింది. వేడి, తేమ రెండిట్లోనూ మీ ఊరికి లోటు లేదు.

అయినా పోలో మీదే మనసుంటే, చల్లటి ఇంజిన్‌తో వీధి చివరిదాకా తిప్పి ఊరుకోవద్దు. ఏసీ వేసి అరగంట ట్రాఫిక్‌లో నడపండి. ఆ వేడి మీదే మెల్లగా కదిలించి వణుకు చూడండి, ఎత్తు మీదికి రివర్స్ చేయండి. మీటర్‌లో గేరు గుర్తు మినుకుమినుకుమంటే వదిలేయండి. స్కానర్ పెట్టించినప్పుడు పి17బీఎఫ్ లేదా పి189సీ కోడ్ వస్తే ప్రెషర్ సమస్య ఉన్నట్టే. డీలర్ దగ్గర మెకట్రానిక్స్ మార్పిస్తే బిల్లు లక్ష దాటుతుంది.

సిటీలో చూడాల్సింది సీవీటీ (గేర్లకు బదులు బెల్టు, పుల్లీలతో నడిచే ఆటోమేటిక్) ఆయిల్ రికార్డు. సుమారు 40,000 కి.మీ.కు ఒకసారి హోండా సీవీటీ ఆయిల్ హెచ్‌సీఎఫ్-2నే పోయించి ఉండాలి. మామూలు ఆటోమేటిక్ గేర్ ఆయిల్ (ఏటీఎఫ్) పోసిన బండైతే లోపలి స్టీల్ బెల్టు జారి పుల్లీలు గీరుకుపోతాయి. ఎవరైనా ఇంకా పాత హోండా చూపిస్తే ఛాసిస్ నంబర్‌తో ఎయిర్‌బ్యాగ్ రీకాల్ వెతకండి. తకాటా ఎయిర్‌బ్యాగుల్లోని అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి తేమ, వేడి తగిలి చెడితే, బ్యాగు తెరుచుకున్నప్పుడు దాని లోహపు గుల్ల పేలి ముక్కలు ఎగురుతాయి. తకాటా జపాన్ కంపెనీయే మరి. షోరూంలో ఉచితంగా మారుస్తారు.

ప్రశ్న: అమెరికా సర్వేల్లో జపాన్ కార్లు పైన ఉంటాయి. జర్మనీ టీయూవీ జాబితాలో మాత్రం జర్మన్ కార్లూ బాగానే కనిపిస్తాయి. ఎవరో అబద్ధం చెబుతున్నట్టే కదా?
- ఓ పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఎవరి లెక్క వాళ్లది. టీయూవీది జర్మనీలో తప్పనిసరి ఫిట్‌నెస్ పరీక్ష ఫలితం: కొత్త కారుకు మూడేళ్లకు, ఆపై రెండేళ్లకోసారి. చూసేవి బ్రేకులు, లైట్లు, ఇరుసులు, పొగ, ఆయిల్ లీకులు. నెల ముందు గేర్‌బాక్స్ కాలిపోయి మార్పించుకున్నా ఆ రోజు బండి పాసే. అమెరికా సర్వే సంస్థ జె.డి. పవర్ మూడేళ్ల కార్ల యజమానులను అడిగి 100 కార్లకు ఎన్ని ఫిర్యాదులో లెక్కగడుతుంది. బ్లూటూత్ కలవకపోవడమూ ఫిర్యాదే, ఇంజిన్ పట్టేయడమూ ఫిర్యాదే. అమెరికా వినియోగదారుల సంస్థ కన్స్యూమర్ రిపోర్ట్స్ మాత్రం పెద్ద రిపేర్లకు ఎక్కువ బరువు ఇస్తుంది. పాత బండి కొనేవారికి ఈ మూడింటిలో అదే ఎక్కువ పనికొస్తుంది. అయితే అమెరికాలోని ఇంజిన్లు చాలావరకు మన మార్కెట్లో లేవు.

ప్రశ్న: బలెనో కన్నా గ్లాంజా మన్నుతుందా? టొయోటా కదా!
- ఓ పాఠకుడు, కాకినాడ

జవాబు: గుర్తు మారింది, బండి మారలేదు. రెండిటినీ తయారుచేసేది సుజుకీయే, ఇంజిన్ అదే. మీ ఊళ్లో ఏ సర్వీస్ సెంటర్ బాగుంటే అటు వెళ్లండి. పాత డీజిల్ స్విఫ్ట్‌ను జపాన్ బండి అని మెచ్చుకునేవారికి ఇంకో సంగతి: అందులోని 1.3 లీటర్ ఇంజిన్ ఇటలీ ఫియట్ మల్టీజెట్.

ప్రశ్న: డాలస్‌లో ఎంఎస్ చదువుతున్నాను. 2015 ఆల్టిమా, 2013 సొనాటా, 2008 క్యామ్రీ 2.4 చూశాను. ఏది కొనాలి?
- ఓ విద్యార్థి, టెక్సస్

జవాబు: మూడూ వద్దు. ఆ ఆల్టిమాలోని సీవీటీ వణుకుతుందని కేసులు పడ్డాక నిస్సాన్ వారంటీని 84 నెలలు లేదా 84,000 మైళ్లకు పెంచింది. మీరు చూసిన బండికి ఆ గడువు ఎప్పుడో తీరింది. హ్యుందాయ్ సొనాటాలోది థీటా 2 ఇంజిన్. క్రాంక్‌షాఫ్ట్ మెషినింగ్‌లో మిగిలిన లోహపు రజను నూనె దారికి అడ్డుపడి కనెక్టింగ్ రాడ్ బేరింగులు అరిగిపోతాయి. దీన్ని కొరియా నాణ్యత అని తీసిపారేయకండి, 2024లో టొయోటా కూడా ఇంజిన్లో మిగిలిన రజను వల్లే లక్షకు పైగా టండ్రా, లెక్సస్ బండ్లను వెనక్కి పిలిచింది. ఇక 2007-09 క్యామ్రీ 2.4 ఇంజిన్ పిస్టన్ రింగుల లోపంతో ఆయిల్ తాగుతుంది.

క్యామ్రీయే కావాలంటే 2012 తర్వాతి 2.5 వెతకండి. కొనే ముందు అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో విన్ (ఛాసిస్) నంబర్ కొట్టి, మిగిలిపోయిన రీకాల్ పనులు చూసుకోండి. డీలర్‌తో సంబంధం లేని మెకానిక్‌తో ఒకసారి లిఫ్ట్ మీద పరీక్ష చేయించండి. అమ్మేవాడు అందుకు ఒప్పుకోకపోతే వెంటనే వెనక్కి వచ్చేయండి.