ఆ ఇంజన్ ఇంకొన్నాళ్లు స్టాండ్ మీదే ఉండనివ్వు

చిరంజీవి బుజ్జికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటోలన్నీ పెద్దవి చేసి చూశాను. 1968 షెవర్లే కమారో, అందులో ఇంకా పాత 327 ఇంజన్, పక్కన స్టాండ్ మీద కొత్త ఎల్ఎస్3 ఇంజన్. చాలా సంతోషం వేసింది తల్లీ. కానీ "వచ్చే వారాంతం ఇంజన్ ఎక్కించేస్తాను, సస్పెన్షన్ సంగతి తర్వాత చూసుకుంటాను" అని రాశావు చూడు, ఆ మాట దగ్గర ఆగిపోయాను. ఈ ఉత్తరం ఆ మాట కోసమే.

వరస తిరగెయ్యి. ఇంజన్‌ని స్టాండ్ మీదే ఉంచు. కారు కింద పని పూర్తి చేసి, పాత ఇంజన్‌తోనే కొన్ని వారాలు నడిపి, ఆ తర్వాత ఎక్కించు.

నేను ఇరవై తొమ్మిదేళ్ల వయసులో నా 1969 నోవాకి ముందు ఇంజనే మార్చాను. దాని వెనక కూడా నీ కారుకున్నట్టే లీఫ్ స్ప్రింగులు, అంటే పొడుగాటి ఇనుప పట్టీల స్ప్రింగులు. బలమైన ఇంజన్ పెట్టిన మూడో రోజు సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వెనక భాగమంతా దడదడలాడింది, ఒక్కసారిగా టప్‌మని చప్పుడు. యూనివర్సల్ జాయింట్ విరిగి, ఇంజన్ బలాన్ని వెనక యాక్సిల్‌కి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ రోడ్డు మీద పడింది. అది బాగు చేయించి, వెనక స్ప్రింగులు ముట్టుకోకుండా మళ్లీ నడిపాను. ఆ వారమే వాన నీళ్లున్న మలుపులో కారు గిర్రున తిరిగి గుంటలోకి దిగింది. పక్క సీట్లో మీ అత్తయ్య ఉంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు కానీ ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తే. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నీ ఇంజన్ల లెక్క చూద్దాం. రెండు బ్యారెళ్ల కార్బురేటర్ ఉన్న ఆ 327కి కంపెనీ రాసిన బలం 210 హార్స్‌పవర్. ఆ రోజుల్లో కొలత గ్రాస్ పద్ధతి, అంటే కారులో ఉండే పూర్తి ఎగ్జాస్ట్, బెల్టుతో తిరిగే సామాను లేకుండా ఇంజన్‌ని బెంచ్ మీద పెట్టి కొలిచిన అంకె. చక్రాల దాకా వచ్చేది అంతకన్నా చాలా తక్కువ. ఎల్ఎస్3 అంకె 430, అది ఆ సామానంతా ఉండగా కొలిచే ఈ కాలపు నెట్ పద్ధతిది. కాబట్టి కాగితం మీద రెండింతలు కనిపిస్తోంది గానీ నిజంగా తేడా ఇంకా ఎక్కువ.

ఆ బలం నేరుగా చక్రానికి పోదు, గేర్లలో పెరిగి పోతుంది. ఎల్ఎస్3 టార్క్, అంటే తిప్పే బలం, సుమారు 425 పౌండ్-ఫీట్. నీ కారులో పాత యజమాని పెట్టిన నాలుగు గేర్ల మన్సీ బాక్సులో మొదటి గేరు నిష్పత్తి 2.52, వెనక యాక్సిల్ గేరుది 3.73 అన్నావు. మూడూ గుణించు. దాదాపు 4000 పౌండ్-ఫీట్ వస్తుంది. టైరు పట్టు ఉన్నంత మేరకు అదంతా నీ వెనక యాక్సిల్ మోయాలి. చక్రాలు ముందుకి తిరుగుతుంటే యాక్సిల్ హౌసింగ్ వెనక్కి తిరగాలని చూస్తుంది, షాఫ్ట్ తగులుకునే పినియన్ గేరు ఉన్న ముక్కు పైకి లేస్తుంది. దాన్ని ఆపాల్సింది ఎవరు? నీ కారులో కేవలం ఆ లీఫ్ స్ప్రింగులే.

ఫోటోలో చూశాను, ఒక్కో వైపు ఒక్కటే పట్టీ ఉంది. ఆ పట్టీ బలానికి ఇంగ్లిష్ ఎస్ అక్షరంలా మెలికపడుతుంది. ఆ మెలికలో టైరు పట్టు వదులుతుంది, పట్టీ విప్పుకుంటుంది, టైరు మళ్లీ పట్టుకుంటుంది, పట్టీ మళ్లీ మెలిక పడుతుంది. సెకనులో ఎన్నోసార్లు. వీల్ హాప్ అంటే ఇదే, నా నోవాలో జాయింట్‌ని విరిచింది ఇదే. 1967 కమారోల్లో ఈ బాధ ఉండటం వల్లే 1968లో వెనక షాక్ అబ్జార్బర్లు ఒకటి యాక్సిల్‌కి ముందు, ఒకటి వెనక పెట్టారు. నీ కారులో కూడా అలాగే ఉంటాయి, కింద పడుకుని చూడు. పాత ఇంజన్‌కి ఆ ఏర్పాటు సరిపోయింది. కొత్తదానికి చాలదు.

కాబట్టి మొదటి ఖర్చు ఇక్కడ పెట్టు. ఒక్క పట్టీవి తీసేసి నాలుగైదు పట్టీల స్ప్రింగులు వెయ్యి. వాటితో పాటు స్ప్రింగ్ ముందు భాగం మెలికపడకుండా ఆపే ట్రాక్షన్ బార్లు పెట్టు. స్ప్రింగుల జాగాలో మొత్తం నాలుగు లింకుల కిట్ పెట్టమని చెప్పేవాళ్లు ఉంటారు. అది మంచిదే, కానీ కారు అడుగు కోసి వెల్డింగ్ చేయాలి. నీ బలానికి, నువ్వు నడిపే తీరుకి ఇప్పుడు అది అక్కర్లేదని నా అభిప్రాయం. స్ప్రింగులు మార్చాక పినియన్ కోణం కొలవడం మర్చిపోకు. లీఫ్ స్ప్రింగ్ కారులో బలం పడ్డప్పుడు ముక్కు లేస్తుంది కాబట్టి, కారు నిలబడి ఉన్నప్పుడు షాఫ్ట్‌తో పోలిస్తే అది రెండు మూడు డిగ్రీలు కిందికి చూస్తూ ఉండాలి. ఇది తప్పితే కారంతా వణుకుతుంది, జాయింట్లు త్వరగా పోతాయి. షాఫ్ట్ విరిగినా నేల మీద పడకుండా పట్టే సేఫ్టీ లూప్ ఒకటి దాని ముందు భాగం కింద బిగించు. చిన్న ఇనుప ముక్క, కానీ నా నోవాకి ఆ రోజు అదే లేదు. నీ 10 బోల్టుల యాక్సిల్ కూడా ఈ బలానికి చిన్నదే. మంచి 12 బోల్టులది దొరికేదాకా గట్టి స్టార్టులు మానెయ్యి.

ఇవేవీ కొనకముందు మాత్రం ఒక రోజంతా స్క్రూడ్రైవర్, టార్చ్‌లైట్ పట్టుకుని కారు కింద గడుపు. లీఫ్ స్ప్రింగ్ ముందు కొక్కెం బిగించే చోట, వెనక రెయిల్స్ (బాడీ అడుగున పొడుగ్గా ఉండే ఇనుప దూలాలు) మీద తుప్పు ఉందా? పొడిచి చూడు. మెత్తగా లోపలికి దిగితే ముందు ఆ ఇనుము మార్చాలి. తుప్పు పట్టిన చోట కొత్త స్ప్రింగ్ బిగించడం దండగ. నీ కమారోకి పూర్తి ఫ్రేమ్ లేదు. ముందు భాగాన్ని మోసే సబ్‌ఫ్రేమ్ బాడీకి రబ్బరు బుష్‌ల (మెత్తటి దిమ్మల) మధ్య బోల్టులతో బిగించి ఉంటుంది, వెనక భాగమంతా బాడీయే. ఆ బుష్‌లు యాభై ఏళ్లకి పైగా నలిగి ఉంటాయి, మార్చు. ముందు సబ్‌ఫ్రేమ్‌ని వెనక రెయిల్స్‌తో కలిపే కనెక్టర్లు పెట్టు. బాడీ మెలితిరిగిపోతుంటే ఎంత మంచి షాక్ అబ్జార్బర్ పెట్టినా పని చెయ్యదు.

బ్రేకుల గురించి ఎక్కువ చెప్పను. ముందు చక్రాల డ్రమ్ములు తీసేసి డిస్కులు పెట్టకుండా ఆ ఇంజన్ స్టార్ట్ చెయ్యకు. వేగం రెండింతలైతే ఆపాల్సిన శక్తి నాలుగింతలు. టైర్ల పక్క గోడ మీద డాట్ కోడ్ చివర నాలుగు అంకెలు చూడు, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఫోటోలో నీ టైర్ల మీద చివర 11 అని కనిపించింది, అంటే 2011వి. ట్రెడ్ ఎంత బాగా ఉన్నా సరే, తీసేయాల్సిందే. సస్పెన్షన్‌కి నువ్వు పెట్టే డబ్బంతా ఆ నాలుగు టైర్లు నేలని పట్టుకోవడం కోసమే కదా.

ముందు వైపు సంగతి వేరు. నీ కారుని డిజైన్ చేసినప్పుడు ఉన్నవి పాత రకం బయాస్ టైర్లు. మలుపులో కారు ఒరిగినప్పుడు బయటి చక్రం పైభాగం ఇంకా బయటికే వాలుతుంది, దాంతో ఇప్పటి రేడియల్ టైరు అంచు మీద నిలబడాల్సి వస్తుంది. చక్రాన్ని పట్టి ఉంచే పై కంట్రోల్ ఆర్మ్‌లు మార్చి, కాస్త పొడవైన పై బాల్ జాయింట్ (ఆర్మ్‌ని చక్రం వైపు కలిపే కీలు) వేస్తే ఈ లోపం చాలావరకు తీరుతుంది. అలైన్‌మెంట్ చేయించేటప్పుడు పాత పుస్తకంలోని అంకెలు ఇవ్వకు. క్యాంబర్ (చక్రం పక్కకి వాలే కోణం) మైనస్ అర డిగ్రీ, క్యాస్టర్ (చక్రం స్టీరింగ్‌కి తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం) ప్లస్ నాలుగు డిగ్రీల దగ్గర, టో-ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండే తేడా) అంగుళంలో పదహారో వంతు నుంచి ఎనిమిదో వంతు లోపల. నీకు పవర్ స్టీరింగ్ ఉంది కాబట్టి అంత క్యాస్టర్‌తో చేతులకి బరువు తెలియదు, కారు మాత్రం హైవే మీద గీత గీసినట్టు పోతుంది.

ముందు వైపు కాయిల్ స్ప్రింగులు మాత్రం ఇప్పుడే కొనకు. చాలామంది ఇంజన్ పెద్దదైతే స్ప్రింగ్ గట్టిది కావాలి అనుకుంటారు. స్ప్రింగ్‌కి హార్స్‌పవర్ తెలియదమ్మా, బరువే తెలుసు. నీ పాత ఇంజన్ పూర్తిగా పోత ఇనుము. ఎల్ఎస్3 అల్యూమినియం, దానికన్నా 100 పౌండ్లకు పైగా తేలిక. అందుకే పాత స్ప్రింగులు అలాగే ఉంచితే కారు ముక్కు పైకి లేస్తుంది. బరువైన బిగ్ బ్లాక్ ఇంజన్ ఉన్న కార్ల స్ప్రింగులు వేస్తే ఇంకా లేస్తుంది, ప్రతి గతుకూ నడుముకి తగులుతుంది. ఇంజన్ ఎక్కించే వారమే, ఆ బరువు చెప్పి స్ప్రింగులు తెప్పించు. కారుని కిందికి దించాలని ఉంటే ఒక అంగుళం, మహా అయితే ఒకటిన్నర. స్ప్రింగ్‌ని మంటతో కాల్చి దించమని ఎవరన్నా చెబితే ఒప్పుకోకు.

కాయిల్ స్ప్రింగ్ తీయడం గురించి నిజంగా భయపడి చెబుతున్నాను. నొక్కి ఉన్న ఆ స్ప్రింగ్‌లో మనిషిని చంపగల బలం ఉంటుంది. కారు స్టాండ్ల మీద ఉండాలి, ఒట్టి జాక్ మీద కాదు. కింది కంట్రోల్ ఆర్మ్ కింద జాక్ పెట్టి, స్ప్రింగ్ లోపలి నుంచి గొలుసు దూర్చి ఫ్రేమ్‌కి కట్టి, స్ప్రింగ్ కంప్రెసర్ బిగించి, అప్పుడే బాల్ జాయింట్ విప్పాలి. ఆర్మ్‌ని అంగుళం అంగుళం చొప్పున దించు, నీ తల దాని ఎదురుగా ఉండకూడదు. ఒక్కదానివే ఉన్నప్పుడు ఈ పని మొదలుపెట్టకు.

కంట్రోల్ ఆర్మ్‌లకి రబ్బరు బుష్‌లు వేస్తే ఇంకో విషయం. కారు గాలిలో వేలాడుతుండగా వాటి బోల్టులు పూర్తిగా బిగించేస్తే, కింద దించగానే రబ్బరు మెలికపడిపోయి కొన్ని నెలల్లో చిరిగిపోతుంది. వదులుగా పెట్టి, కారు బరువు చక్రాల మీద పడ్డాక ఆఖరి బిగువు ఇవ్వాలి. పాలీయురేథేన్ బుష్‌లకి ఈ బాధ లేదు, కానీ గ్రీజు పెట్టకపోతే కీచుమంటాయి.

మలుపులో కారు ఒరగడాన్ని తగ్గించే యాంటీ రోల్ బార్ విషయంలో చెయ్యి ఆపుకో. దాని గట్టిదనం మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 1 అంగుళం బారు తీసి 1.125 అంగుళాలది వేస్తే 60 శాతం గట్టిపడినట్టు. ముందు కాస్త మందంది మంచిదే. వెనక బారు మాత్రం మొదట్లో అసలు పెట్టకు. వెనక చక్రాలకి బలం వెళ్లే కారులో వెనక ఎక్కువ గట్టిగా ఉంటే, మలుపులో యాక్సిలరేటర్ తాకగానే తోక ముందుకొచ్చేస్తుంది. నా నోవాలో ఆ వాన రోజు జరిగింది అదే, ముందు రోజే వెనక బారు బిగించి ఉన్నాను.

ఒకేసారి అన్నీ మార్చకు. ఒకటి మార్చు, నీకు బాగా అలవాటున్న ఒకే దారిలో నడుపు, ఏం తెలిసిందో పుస్తకంలో రాసుకో, తర్వాతిది మార్చు. మలుపులో స్టీరింగ్ ఎలా ఉంది, బ్రేక్ తొక్కితే ఎటు లాగింది, గతుకులో ఎన్నిసార్లు ఊగింది, ఇవి రాస్తే చాలు. లీఫ్ స్ప్రింగుల యూ-బోల్టులు వంద మైళ్ల తర్వాత మళ్లీ బిగించు, కొత్తవి కచ్చితంగా కాస్త వదులవుతాయి.

నా స్ప్రింగ్ కంప్రెసర్, కోణం కొలిచే మీటర్ ఈ వారం పార్సిల్ చేస్తాను. వెనక పని నువ్వు మొదలుపెట్టు. ముందు వైపు స్ప్రింగులు విప్పే రోజు ఏదో రెండు వారాల ముందు చెప్పు, టికెట్ కొనుక్కుని వస్తాను. గొలుసు నేను పట్టుకుంటాను, జాక్ నువ్వు దించు.

ఆశీస్సులతో,
మామయ్య