ఎర్రగుంట్ల సిమెంట్ ఫ్యాక్టరీల్లో కనిపించే ఆ ఎత్తైన టవర్ పొగగొట్టమేనా?

కాదు, అది ప్రీహీటర్: కిల్న్ (ముడిసరుకును కాల్చే పెద్ద కొలిమి) నుంచి వచ్చే వేడి వాయువుతో సున్నపురాయి పొడిని ముందే వేడిచేసి ఇంధనం ఆదా చేసే టవర్.

పొడి పైనుంచి దిగుతుంది, సుమారు 1000 డిగ్రీల వాయువు కిందినుంచి ఎక్కుతుంది. రేణువులు చాలావరకు మిల్లీమీటరులో పదోవంతు కన్నా సన్నం. బరువుతో పోలిస్తే వాటి ఉపరితలం చాలా ఎక్కువ కాబట్టి వేడి చిటికెలో లోపలిదాకా చేరుతుంది. అదే పిడికిలంత రాయైతే గంటలు పడుతుంది. వేడి లోపలికి వెళ్లాలి, అక్కడ పుట్టిన కార్బన్ డయాక్సైడ్ బయటికి రావాలి మరి. సున్నపు బట్టీలో రాయి పైన కాలినా లోపల పచ్చిగా మిగిలేది ఇందుకే.

ఇన్ని అంతస్తులెందుకంటే, ఒక్కసారి కలిస్తే పొడి, వాయువు మధ్యస్థ ఉష్ణోగ్రత దగ్గర ఆగిపోతాయి. మిగతా వేడి వృథా. ఐదు దశలుంటే వాయువు దాదాపు 300 డిగ్రీలకు చల్లబడి బయటపడుతుంది, పొడి 800 దాకా వేడెక్కుతుంది.

పొడి వేడెక్కేది సైక్లోన్లలోనే, అంటే ఒక్కో దశలో వాయువు సుడితిరిగే గరాటులాంటి పాత్రల్లోనే అని చాలామంది (ఇంజనీరింగ్ విద్యార్థులు కూడా) అనుకుంటారు. నిజానికి ఆ పని చాలావరకు వాటిని కలిపే నిలువు గొట్టాల్లోనే అయిపోతుంది. సైక్లోన్ చేసేది పొడిని వాయువు నుంచి విడదీయడం.